వణికే చేయి, మసకబారే మతి: పార్కిన్సన్స్‌లో జన్యువుల పాత్ర

సూరత్‌లో తెలుగు మాట వినాలంటే లింబాయత్, ఉధ్నా వైపు వెళితే చాలు. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ రెండు మూడు తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అలాంటి కుటుంబాల ఖాతాలు ఎక్కువగా ఉన్న శాఖలో పనిచేస్తున్నాను కాబట్టి, ఈ వ్యాసానికి కారణమైన ప్రశ్న నాకు కౌంటర్ దగ్గరే ఎదురైంది.

ప్రశ్న వేసినాయన మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. తండ్రికి డెబ్భై దాటాయి. చేతి వణుకు వల్ల సంతకం మా దగ్గరున్న నమూనాతో కలవక రెండుసార్లు డబ్బు తీసుకోలేకపోయారు. "సారూ, మా బాపుకు పార్కిన్సన్ అన్నరు. గా బీమారిల మతి గూడ పోతదట గదా. మా అవ్వ మా బాపుకు సొంత మేనమామ బిడ్డ. మేనరికం జేస్కున్నందుకే వచ్చిందా? రేపు నాకు, నా బిడ్డకు గూడ వస్తదా?" అని అడిగాడు. సంతకం సంగతి ఆ రోజే తేల్చాం. మిగిలిన ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేంత చదవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. డిగ్రీలో జంతుశాస్త్రం చదివి బ్యాంకు పరీక్ష రాసినవాణ్ణి. ఆ పాత చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది. మన ఉద్యోగుల ఇళ్లలోనూ, మన పింఛనుదారుల్లోనూ ఈ జబ్బు ఉన్నవాళ్లు తక్కువేం కాదు కనుక తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాను.

వణుకు నుంచి మరపు దాకా

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి చిన్న పుస్తకం రాశాడు. అందులో ఉన్నది ఆరుగురి సంగతి మాత్రమే. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించాడు. వణుకు, ముందుకు వంగిన నడక, బిగుసుకుపోయే కండరాలు, అన్నీ చక్కగా వర్ణించాడు. కానీ బుద్ధికి మాత్రం దెబ్బ తగలదని రాశాడు. ఆ మాట చాలాకాలం నిలిచింది. నిలవడానికి ఒక కారణం నాకు తోస్తుంది: ఆ రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లు మతి మసకబారేదాకా బతికేవారు కాదు. 1960ల్లో లెవోడోపా వచ్చాక ఆయుష్షు పెరిగింది. దానితోపాటు ఆ దశ కూడా కళ్లబడింది.

శరీరంలో జరిగేది క్లుప్తంగా చెబుతాను. మెదడు అడుగుభాగంలో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతుంటాయి. కదలికలు మందగించడానికి అదే కారణం. చనిపోతున్న కణాల్లో చిన్న చిన్న ఉండలు కనిపిస్తాయి. 1912లో వాటిని మొదట వర్ణించిన ఫ్రెడరిక్ లూయీ పేరు మీద వాటిని లూయీ బాడీలు అంటారు. ఆ ఉండల్లో ఉండేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీను అని 1997లో తేలింది. ఈ ఉండలు మెదడు అడుగున ఆగిపోతే ఇబ్బంది ఎక్కువగా కదలికలకే. పైపొరకు, అంటే ఆలోచనకూ తీర్మానానికీ ఆధారమైన కార్టెక్సుకు పాకితే మతి దెబ్బతింటుంది. చాలామందిలో దీనికి తోడు అల్జీమర్స్‌లో కనిపించే మార్పులు కూడా చేరతాయి. జన్యువుల సంగతి అర్థం కావాలంటే ఈ రెండు దారులనూ గుర్తుపెట్టుకోవాలి: లూయీ ఉండల దారి ఒకటి, అల్జీమర్స్ తరహా దారి ఇంకొకటి.

ఈ మతిమరపు అల్జీమర్స్ మతిమరపులా మొదలుకాదు. మనుషుల పేర్లు పోవడం కంటే ముందు ఆలోచన నెమ్మదిస్తుంది. నాలుగు పనులను వరసలో పెట్టుకోలేకపోతారు. గదిలో దారి తడబడతారు. లేని మనుషులో, పిల్లలో, పిల్లులో గదిలో ఉన్నట్టు కనిపిస్తారు. కాస్త అందిస్తే మరచిపోయిన మాట గుర్తొస్తుంది. ఉదయం చక్కగా ఉన్న మనిషి మధ్యాహ్నానికి అయోమయంలో పడవచ్చు, సాయంత్రం మళ్లీ తేరుకోవచ్చు. కదలికల ఇబ్బంది మొదలై ఏడాది దాటాక మతి తప్పితే దాన్ని పార్కిన్సన్స్ డిమెన్షియా అంటారు. మతి సంగతే ముందు వచ్చినా, ఏడాదిలోపే వచ్చినా లూయీ బాడీ డిమెన్షియా అంటారు. ఈ గీత వైద్యులు తమ వీలు కోసం గీసుకున్నది.

ఎంతమందికి వస్తుంది? ఇక్కడ ఒక అంకె చాలామందిని భయపెడుతోంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 136 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించారు. ఇరవై ఏళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లలో 83 శాతం మందికి డిమెన్షియా ఉందని 2008లో ప్రకటించారు. అది ఇరవై ఏళ్ల లెక్క. పదేళ్ల లెక్క వేరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ప్రాంతంలో పదేళ్లకు 46 శాతం అని తేలింది. 2024లో అమెరికా పరిశోధకులు రెండు బృందాలను పరిశీలిస్తే, ఒకదాంట్లో పదేళ్లకు 9 శాతం, మరోదాంట్లో 27 శాతం వచ్చాయి. అంకెలు ఇంత దూరంగా ఉండటం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. పరిశోధనకు తామే ముందుకొచ్చేవాళ్లు సాధారణంగా చదువుకున్నవాళ్లు, ఆరోగ్యం కాస్త బాగున్నవాళ్లు. ఏ ఖాతాల నమూనా తీసుకున్నామన్నదాన్ని బట్టి మొండిబాకీల శాతం మారడం మనకు తెలియనిదా!

ముప్పు పెంచే జన్యువులు

మొదట తెలిసింది ఆల్ఫా సిన్యూక్లిన్ తయారుచేసే ఎస్.ఎన్.సి.ఎ. జన్యువు గురించే. దక్షిణ ఇటలీలోని కాంతుర్సీ అనే ఊరికి చెందిన ఒక పెద్ద కుటుంబంలో ఈ జబ్బు తరతరాలుగా వస్తోంది. ఆ జన్యువులో ఒక అక్షరం మారడమే కారణమని 1997లో కనుక్కున్నారు. నాకు మరీ ఆసక్తి కలిగించింది 2003లో అమెరికాలోని అయోవా కుటుంబంలో దొరికిన సంగతి. వాళ్ల జన్యువులో అక్షర దోషం ఏమీ లేదు. జన్యువు నిక్షేపంగా ఉంది. కాకపోతే ఒక క్రోమోజోము మీద ఒకటి ఉండాల్సిన చోట మూడు ప్రతులున్నాయి. అంటే మొత్తం రెండుకు బదులు నాలుగు. సరైన వోచరే మూడుసార్లు పోస్టయిందన్నమాట. ప్రొటీను అవసరానికి మించి తయారై, చిన్న వయసులోనే జబ్బు, దానితోపాటు డిమెన్షియా. మొత్తం మూడు ప్రతులే ఉన్న కుటుంబాల్లో జబ్బు ఆలస్యంగా, నెమ్మదిగా వస్తుంది. ప్రొటీను మోతాదు పెరిగేకొద్దీ మతికి ముప్పు పెరుగుతుందని దీనితో స్పష్టమైంది. ఇలాంటి కుటుంబాలు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్ది. మనలో ఎవరూ దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మామూలు కుటుంబాల్లో ఎక్కువగా లెక్కలోకి వచ్చేది జి.బి.ఎ. జన్యువు. కణంలో చెత్తను అరిగించే అర ఒకటి ఉంటుంది. అక్కడ ఒక రకం కొవ్వును విడగొట్టే ఎంజైమును ఈ జన్యువు తయారుచేయిస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితే పిల్లలకు గోషే వ్యాధి వస్తుంది. కాలేయం, ప్లీహం ఉబ్బిపోతాయి. ఒక ప్రతి మాత్రమే చెడినవాళ్లు ఆరోగ్యంగానే ఉంటారని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. గోషే రోగుల తాతల్లో, మేనమామల్లో పార్కిన్సన్స్ ఎక్కువగా ఉండటం కొందరు వైద్యుల కంటబడింది. 2009లో ఎలెన్ సిడ్రాన్స్కీ నాయకత్వంలో పదహారు కేంద్రాలు కలిసి, ఐదువేలకు పైగా రోగులను పరీక్షించి ఆ అనుమానాన్ని నిజమని తేల్చాయి. రోగుల్లో ఈ లోపం ఆరోగ్యవంతుల్లో కంటే ఐదు రెట్లు ఎక్కువగా ఉంది. అలాంటివాళ్లకు జబ్బు కాస్త ముందుగా వస్తుంది, మతి దెబ్బతినే అవకాశం కూడా ఎక్కువ. లోపం తీవ్రతను బట్టి ఆ అవకాశం రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది.

తీవ్రత అన్న మాట దగ్గర మనం కాస్త ఆగాలి. ఈ జన్యువులోని లోపాలు అనేకం. కొన్ని స్వల్పం, కొన్ని తీవ్రం. మనదేశంలోని గోషే రోగుల్లో ఎక్కువగా కనిపించేది ఎల్.444.పి. అనే తీవ్రమైన రకం. ఈ సంగతి తేల్చిన పరిశోధనల్లో అహ్మదాబాద్‌లోని ఫ్రిజ్ జన్యుసంస్థలో జయేష్ సేఠ్ బృందం చేసినవి ముఖ్యమైనవి. అంటే మన రాష్ట్రం నుంచి వచ్చి గుజరాత్‌లో ఉంటున్నవాళ్లకు ఈ పరీక్ష గురించి అడిగే చోటు మరీ దూరంలో లేదు. ఇంకోమాట: ఈ లోపం ఒక ప్రతిలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితకాలంలో పార్కిన్సన్స్ రానే రాదు.

రెండో దారికి, అంటే అల్జీమర్స్ తరహా మార్పులకు సంబంధించినది ఎ.పి.ఒ.ఇ. జన్యువు. దీనికి 2, 3, 4 అని మూడు రకాలున్నాయి. మనందరికీ వీటిలో ఏవో రెండు ఉంటాయి. నాలుగో రకం అల్జీమర్స్ ముప్పు పెంచుతుందని 1993 నుంచి తెలుసు. పార్కిన్సన్స్ రావడానికీ దీనికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. కానీ వచ్చినవాళ్లలో మతి దెబ్బతినే వేగాన్ని ఇది పెంచుతుంది. జబ్బు తెచ్చే జన్యువులు వేరు, వచ్చిన జబ్బు నడకను మార్చే జన్యువులు వేరు అన్నమాట. ఈ తేడా తెలియక రెంటినీ కలిపేసి భయపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఈ నాలుగో రకం మన దగ్గర ఎంత? హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలనూ అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ప్రాంతాన్నీ పోల్చి చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. అక్కడి జనంలో ఈ ప్రతుల వాటా 11 శాతం ఉంటే, బల్లభ్‌గఢ్‌లో 7 శాతం. తక్కువే. అయితే ఉన్నవాళ్లకు అల్జీమర్స్‌తో సంబంధం మాత్రం రెండు చోట్లా ఒకేలా కనిపించింది.

టావ్ అనే ప్రొటీనుకు సంబంధించిన ఎం.ఎ.పి.టి. జన్యువు గురించి కేంబ్రిడ్జి వాళ్లు గట్టిగా చెప్పారు. దానికి హెచ్1, హెచ్2 అని రెండు రూపాలు. రెండు ప్రతులూ హెచ్1 అయితే మతి త్వరగా తగ్గుతుందన్నారు. హెచ్2 ప్రధానంగా యూరప్ మూలాలవాళ్లలో కనిపించేది. తూర్పు ఆసియాలో దాదాపు లేదు, మనదేశంలోనూ యూరప్‌తో పోలిస్తే బాగా తక్కువ. మనలో అత్యధికులకు హెచ్1 జోడీయే ఉన్నప్పుడు ఆ పరీక్ష మనకు కొత్తగా చెప్పేది ఏముంటుంది? విదేశాల్లో తయారైన ముప్పు పట్టికను మనకు అలాగే వర్తింపజేయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మేనరికం మాట

మా ఖాతాదారుడి అసలు బెంగ మేనరికం. ఈ ప్రశ్న మన తెలుగువాళ్లు వేసినంతగా ఇంకెవరూ వేయరేమో. జవాబు కొంచెం మెలికగా ఉంటుంది.

రెండు ప్రతులూ చెడితేనే వచ్చే పార్కిన్సన్స్ రకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పార్కిన్ జన్యువు. జపాన్‌లో 1998లో దీన్ని గుర్తించారు. పింక్1, డి.జె.1 కూడా ఈ కోవవే. తల్లిదండ్రులు రక్తసంబంధీకులైతే ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. కాబట్టి మేనరికానికీ ఈ రకాలకూ సంబంధం నిజమే. అయితే రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఇవి సాధారణంగా నలభై ఏళ్లలోపు, ఒక్కోసారి ఇరవైల్లోనే మొదలవుతాయి. అరవై దాటాక వణుకు మొదలైన మనిషిలో వీటిని ఊహించడం కష్టం. రెండోది నాకు విశేషంగా అనిపించింది: పార్కిన్ రకంలో జబ్బు ఎన్నో ఏళ్లు సాగినా డిమెన్షియా అరుదు. పార్కిన్ లోపంతో చనిపోయినవాళ్లలో చాలామంది మెదళ్లలో లూయీ ఉండలు కనిపించవు. పైపొరకు పాకడానికి ఉండలే లేనప్పుడు మతి దెబ్బతినే మొదటి దారి మూసుకుపోయినట్టే కదా. అంటే మేనరికంతో ముడిపడిన రకాలు మతిని పెద్దగా తాకవు. మతిని తాకే జి.బి.ఎ., ఎ.పి.ఒ.ఇ.ల ముప్పు ఒక్క ప్రతితోనే వస్తుంది, దానికి మేనరికంతో పనిలేదు.

ఎవరి మేనరికం అన్నది కూడా చూడాలి. తండ్రి జబ్బుకు తండ్రిగారి తల్లిదండ్రుల బంధుత్వం లెక్కలోకి వస్తుంది తప్ప, ఆయన ఎవరిని పెళ్లి చేసుకున్నారన్నది కాదు. ఆయన పెళ్లి ప్రభావం పిల్లల మీద. తండ్రికి రెండు చెడ్డ ప్రతులుండి, ఆయన మేనమామ బిడ్డ అయిన తల్లికి అదే లోపం ఒక ప్రతిలో ఉంటే, ఒక్కో బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం. తండ్రికి అరవై ఆరో ఏట మొదలైందని చెప్పాక ఈ లెక్క ఆయనకు వర్తించే అవకాశం చాలా తక్కువని ఆ అబ్బాయికి వివరించాను. తల్లిదండ్రుల్లో ఒకరికి పార్కిన్సన్స్ ఉంటే పిల్లలకు ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుందన్నది నిజం. అయితే అసలు ముప్పే నూటికి ఒకటో రెండో. దానికి రెండు మూడు రెట్లన్నా, నూటికి తొంభై మందికి పైగా దాని జోలికి పోరు.

పేరు చాలా వినిపించే ఎల్.ఆర్.ఆర్.కె.2 జన్యువు సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. ఉత్తర ఆఫ్రికా అరబ్బుల్లో, అష్కెనాజీ యూదుల్లో అది ఎక్కువ. దాని ప్రధాన లోపం మనదేశంలో చాలా అరుదు. ఆ రకంలో మతి మీద దెబ్బ మామూలు పార్కిన్సన్స్‌లో కంటే తక్కువే.

పార్సీలు, వైశ్యులు, మనం

సూరత్‌లో ఉంటూ పార్సీల మాట ఎత్తకపోతే ఎలా? బొంబాయి ఎదగకముందు వాళ్ల వ్యాపారానికి పెద్ద కేంద్రం ఈ ఊరే. బొంబాయి పార్సీ కాలనీల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే 1988లో వెలువడింది. లక్షకు 328 మందికి పార్కిన్సన్స్ ఉన్నట్టు అందులో తేలింది. మనదేశంలో మరెక్కడా అంత లెక్క రాలేదు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమాజం కాబట్టి జన్యువులే కారణమని వెంటనే అనేస్తాం. కానీ పార్సీల్లో వృద్ధుల వాటా చాలా ఎక్కువ. వయసుతో వచ్చే జబ్బు అలాంటి సమాజంలో ఎక్కువగా కనబడటం సహజం. అంకెలో ఎంత భాగం వయసుది, ఎంత రక్తానిది అన్నది విడదీశాకే మాట్లాడాలి.

మన తెలుగువాళ్ల విషయంలో రక్తానిదే అని తేలిన ఉదాహరణ వేరే ఉంది. వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్స ముందు ఇచ్చే ఒక కండర సడలింపు మందు పడదు. శ్వాస చాలాసేపు తిరిగి రాదు. ఆ మందును విరిచే ఎంజైము వాళ్లలో లోపించడమే కారణం. హైదరాబాద్ సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, బయటి పెళ్లిళ్లు లేకుండా శతాబ్దాలు గడిపిన సమూహాలు 81 ఉన్నాయని తేల్చాయి. అష్కెనాజీ యూదుల కంటే గట్టిగా ఆ లక్షణం ఉన్నవి అవి. ఒక్కో సమూహంలో ఒక్కో అరుదైన లోపం పేరుకుని ఉండవచ్చు. పార్కిన్సన్స్ విషయంలో అలాంటివి వెతికేందుకు దేశవ్యాప్తంగా పదివేలమంది రోగులు, పదివేలమంది ఆరోగ్యవంతుల లక్ష్యంతో గ్యాప్ ఇండియా అనే అధ్యయనం మొదలైంది. ఇలాంటి వెతుకులాట వృథా కాదనడానికి 2023లో నైజీరియా నుంచి రుజువు వచ్చింది. ఆఫ్రికా మూలాలవాళ్లలో సర్వసాధారణంగా ఉంటూ, యూరప్ పరిశోధనల్లో ఎన్నడూ కనబడని జి.బి.ఎ. మార్పు ఒకటి అక్కడ బయటపడింది.

పరీక్ష చేయించాలా?

ఉమ్మి నమూనా పంపితే చాలు, మీ జాతకం చెబుతామనే ప్రకటనలు ఫోను తెరిస్తే కనబడుతున్నాయి. డి.ఎన్.ఎ. నిర్మాణం కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ తన మొత్తం జన్యుపటాన్ని 2007లో బయటపెట్టినప్పుడు, ఒక్క ఎ.పి.ఒ.ఇ. ఫలితం మాత్రం తనకు కూడా చెప్పవద్దన్నాడు. తెలిసి చేయగలిగేది లేనప్పుడు తెలుసుకోవడం దేనికని.

నా అభిప్రాయం ఆయనకు దగ్గరగానే ఉంది. అరవై దాటాక జబ్బు వచ్చి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే, పరీక్ష వల్ల ఇవాళ్టి మందు మారదు. నలభై, యాభైలోపు మొదలైతే, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే, లేదా బంధువుల పిల్లల్లో గోషే వ్యాధి ఉంటే న్యూరాలజిస్టును అడిగి, జన్యు సలహాదారుతో మాట్లాడాకే చేయించాలి. రిపోర్టు చేతికొచ్చాక పెళ్లికెదిగిన కూతురి విషయంలో ఏం చేయాలో తెలియక కూర్చునే కంటే, ముందే మాట్లాడుకోవడం మేలు.

జి.బి.ఎ. లోపాన్ని సరిదిద్దే మందుల కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. వాటిలో ఒకటి మన దగ్గుమందుల్లో ఉండే ఆంబ్రాక్సాలే. పార్కిన్సన్స్ డిమెన్షియా ఉన్న 55 మందిపై కెనడాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. మందు సురక్షితమే గానీ, ఏడాదిలో మొత్తం మీద మతిలో స్పష్టమైన మెరుగు కనబడలేదు. అక్కడ వాడిన మోతాదు దగ్గుమందులో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు. ఇంట్లో ఉన్న సీసా ఎత్తి తాగేస్తే ఏమీ ఒరగదు.

ఇంట్లో గమనించాల్సినవి

జన్యువులన్నీ కలిపినా వయసంత బలమైనవి కావు. నిద్రలో కలలకు తగ్గట్టు చేతులు విసరడం, అరవడం; లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం; లేనివి కనబడటం: ఇవి మతి గురించి ఇచ్చే హెచ్చరిక ఏ జన్యుపరీక్షకూ తీసిపోదు. వైద్యుడికి ఇవి తప్పక చెప్పాలి.

మతి హఠాత్తుగా, రెండు మూడు రోజుల్లో తప్పితే అది డిమెన్షియా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మాత్ర కారణం కావచ్చు. సరిచేస్తే తిరిగొచ్చే మతి అది. బి12, థైరాయిడ్ లోపాలు, దిగులు కూడా చూపించుకోవాలి. వణుకు తగ్గడానికి మన దగ్గర విరివిగా వాడే పాసిటేన్ వంటి మాత్రలు వృద్ధుల్లో అయోమయం పెంచుతాయి. తాతగారు పదేళ్లుగా వేసుకుంటున్నారంటే ఆ చీటీని వైద్యుడికి మరోసారి చూపించడం మంచిది. సొంతంగా ఆపేయకూడదు. దూలగొండి గింజల పొడి సంగతీ అంతే. అందులో లెవోడోపా నిజంగానే ఉంది. అందుకే మాత్రలతో కలిపి వైద్యుడికి చెప్పకుండా వాడటం ప్రమాదం. డిమెన్షియా వచ్చాక రివాస్టిగ్మిన్ అనే మందు కొంతమేర సాయపడుతుందని 2004లో పెద్ద పరీక్షలో తేలింది. సూరత్‌లో ఉన్నవాళ్లు న్యూ సివిల్ ఆసుపత్రిలోగానీ, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్‌లోగానీ మొదలుపెట్టవచ్చు.

మన కౌంటర్ దగ్గర

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల అక్షరాలు రాసేకొద్దీ చిన్నవైపోతాయి. పేరు మొదటి అక్షరం మామూలుగా ఉండి, చివరిది చీమంత అవుతుంది. సంతకాలు చూడటమే పనైన మనకు వైద్యుడి కంటే ముందు కనబడే లక్షణం ఇది. చేయి సహకరించనివాళ్లకు రిజర్వు బ్యాంకు దారి చూపింది: వేలిముద్ర, అదీ వీలుకాకపోతే కాలి వేలిముద్ర తీసుకుని, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి; వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. డెబ్భై దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవలందించాలని 2017 నవంబరులో ఆదేశించింది కూడా.

ఇది చేతికి సంబంధించిన ఏర్పాటే తప్ప మతికి కాదు. ఈ రెంటినీ కలపడం మన శాఖల్లో రెండు వైపులా జరుగుతోందని నా అనుభవం. చేయి వణుకుతున్న మనిషికి మతి నిక్షేపంగా ఉన్నా, ఆయన్ని వదిలేసి పక్కనున్న కొడుకుతో మాట్లాడతాం. మతి చెదిరిన మనిషి చేత వేలిముద్ర వేయించి పని అయిందనుకుంటాం. 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ఇక్కడ చదవదగ్గది. సాధారణంగా మతి స్థిమితం లేని మనిషి కూడా స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చంటుంది. పూటపూటకూ మారే ఈ జబ్బుకు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. మందు పనిచేస్తున్న పూట రమ్మని చెప్పడం, ఏ పని మీద వచ్చారో ఆయన నోటితోనే చెప్పించడం, ఎంత మొత్తమో అడగడం, మనం చేయగలిగినవి.

కుటుంబాలు ఎక్కువగా నమ్ముకునేది పవరాఫ్ అటార్నీని. అదే చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం రద్దవుతుంది. అవసరం వచ్చిన రోజునే పనికిరాని కాగితం అది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించే వీలు డిమెన్షియాకు లేదు. హైకోర్టులు రాజ్యాంగం 226వ అధికరణం కింద సంరక్షకులను నియమించిన సందర్భాలున్నాయి గానీ, ఖర్చు, కాలం రెండూ పడతాయి. జాయింటు ఖాతా, నామినేషన్, వీలునామా అన్నీ జబ్బు బయటపడిన మొదటి ఏళ్లలో, మతి చక్కగా ఉన్నప్పుడే పూర్తిచేసుకోమని పింఛనుదారులకు చెబుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో పార్కిన్సన్స్ ఉంది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు ఆదాయపన్ను చట్టంలో పార్కిన్సన్స్, డిమెన్షియా రెండింటి చికిత్స ఖర్చుకూ, వైకల్యం 40 శాతానికి తగ్గనప్పుడు, మినహాయింపు ఉంది. సీనియర్ సిటిజన్ల చికిత్సకైతే అది లక్ష రూపాయల దాకా వస్తుంది. దానికి న్యూరాలజిస్టు రాసిచ్చిన చీటీ దాచుకోవాలి.